మృగశిర దాకా ఆగండి: మా కాలనీ సంక్షేమ సంఘానికి ఒక బహిరంగ లేఖ

గుంటూరు శివారు,
మే 26

గౌరవనీయులైన అధ్యక్షులు, కార్యదర్శి, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

ఈ విషయం మీకు మామూలుగానే చెబుదామనుకున్నాను. చెప్పాను కూడా, రెండుసార్లు. మొదటిసారి "చూద్దాంలే బాబాయ్" అన్నారు. రెండోసారి నేను రాసిచ్చిన చీటీని రిజిస్టరు కింద పెట్టి టీ తెప్పించారు. టీ బాగానే ఉంది. చీటీ మాత్రం ఇంకా రిజిస్టరు కిందే ఉన్నట్టుంది. సోమవారం పొద్దున జేసీబీ వస్తోందని నిన్న వాచ్‌మన్ చెప్పాడు మరి. అందుకని అదే సంగతి ఈసారి అందరూ చదివేలా రాసి, నోటీసు బోర్డుకి ఒకటి అంటించి, గుమ్మానికొకటి పంచుతున్నాను.

పార్కు స్థలం చదును చేసి వాకింగ్ ట్రాక్ వేద్దామన్న మీ తీర్మానానికి నేనూ చెయ్యెత్తాను. మోకాళ్ల నొప్పులవాణ్ని, ఆ ట్రాక్ అవసరం అందరికంటే నాకే ఎక్కువ. వద్దనడం లేదు. మృగశిర కార్తె వచ్చేదాకా, అంటే ఇంకో రెండు వారాలు, ఆ స్థలంలో బండి దింపవద్దంటున్నాను.

బోరు షెడ్డుకి పడమరగా పాతిక అడుగుల దూరంలో, పాత కంకర చెల్లాచెదురుగా పడి ఉన్న చోట, తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది.

గూడు ఎక్కడా అని వెతికితే కనబడదు. నేల మీద అరచెయ్యంత గుంట, చుట్టూ కాసిన్ని గులకరాళ్లు, అంతే. గుడ్లు మట్టిరంగు మీద నల్ల మచ్చలతో రాళ్లలో రాళ్లలా ఉంటాయి. సన్నటి మొనలు లోపలికి, లావు వైపు బయటికి తిప్పి ఒద్దికగా పేర్చి ఉంటాయి. పిట్ట లేచి పరుగెత్తినప్పుడు అది లేచిన చోటు కళ్లతో పట్టుకుని, చూపు తిప్పకుండా నడిస్తే తప్ప దొరకవు. నాకు మే 5న రెండు కనబడ్డాయి. 9వ తేదీకి నాలుగయ్యాయి. అక్కణ్నుంచి 28 నుంచి 30 రోజులు పొదుగుతుంది. లెక్క మీరే వేసుకోండి, జూన్ 6కీ 8కీ మధ్య పిల్లలవుతాయి. మృగశిర ప్రవేశించేదీ ఆ రోజుల్లోనే. నేను పంచాంగం చూసి చెప్పిన ముహూర్తం కాదిది, పిట్ట పెట్టుకున్నదే.

"గుడ్లు తీసి గోడవారగా పెట్టేద్దాం" అన్నారు కోశాధికారి గారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ నేల మీద గుడ్లు పెట్టే పిట్టలకి గుడ్ల కంటే చోటు గుర్తు. పది గజాలు జరిపితే అది పాత గుంట దగ్గరికే వచ్చి తిరుగుతుంది, గుడ్లు గోడవార మాడిపోతాయి. అసలే రోహిణి కార్తె, రోళ్లు పగిలే ఎండ. మధ్యాహ్నం పన్నెండింటికి ఆ కంకర మీద చెప్పుల్లేకుండా ఒక్క నిమిషం నిలబడి చూడండి, ఆ పిట్ట ఏం చేస్తోందో అప్పుడు అర్థమవుతుంది. ఆ వేళప్పుడు అది గుడ్ల మీద కూర్చోదు. పైన నిలబడి నీడ పడుతుంది. జంటలో రెండోది బోరు షెడ్డు పక్కన కారుతున్న పైపు కిందికి వెళ్లి, పొట్ట ఈకలు నానేదాకా నీళ్లలో కూర్చుని, పరుగున వచ్చి ఆ తడితో గుడ్ల మీద వాలుతుంది. అప్పుడు మొదటిది నీళ్లకి బయల్దేరుతుంది. నిన్న గంటలో ఇలా ఎన్నిసార్లు మారాయో లెక్కపెట్టబోయి, ఎండకి తట్టుకోలేక నేనే లేచి వచ్చేశాను. అవి రాలేదు.

ఆ పైపు లీకు మీద మార్చిలో మీకు ఫిర్యాదు రాసింది నేనేనని గుర్తుందా? ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ప్లంబర్ని జూన్ పదో తేదీ తర్వాతే పిలవండి. మీరు ఆలస్యం చేసినందుకు నేను సంతోషించిన పని ఇదొక్కటే.

ఇక రెండో బ్లాకు పెద్దావిడ లేవనెత్తిన అభ్యంతరం. తీతువు రాత్రిళ్లు అరుస్తోంది, అది కూస్తే ఎవరికో మూడుతుందని పెద్దలన్నారు, కాబట్టి వదిలించుకోవడమే మేలని. అమ్మా, మీ మాట తీసెయ్యను. మా అమ్మా అదే అనేది, తీతువు అరిస్తే పొయ్యిలో ఉప్పుకల్లు వేసేది. కానీ నేను ముప్ఫై ఏళ్లు కరెంటు పని చేశాను. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగాను. బ్రేక్‌డౌన్ డ్యూటీ అంటే అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని చేల గట్ల మీద ఫీడరు, అంటే ఊళ్లకి కరెంటు తెచ్చే లైను, వెంబడి నడవడం. ప్రతి చెరువు గట్టునా, ప్రతి బీడులోనూ తీతువు లేచి నా నెత్తి మీదుగా అరుచుకుంటూ ఎగిరేది. ఆ కూతకి చావే అర్థమైతే నాకు ఇప్పటికి వెయ్యి తద్దినాలు అయ్యుండాలి. అది కూసేది దాని గుడ్ల వైపు మనిషో కుక్కో నక్కో వస్తోందని. రాత్రి దాని కూత విని నేను లైటు వేసి చూసిన రెండుసార్లూ గోడ దూకి వస్తున్న పిల్లి కనబడింది.

నాతోపాటు పనిచేసిన హెల్పరు ఒకడు స్తంభం మీదే పోయాడు. ఎల్‌సీ తీసుకునే, అంటే ఆ లైనుకి కరెంటు ఆపించి అనుమతి పొందాకే, ఎక్కాడు. ఎవరో ఇంట్లో జనరేటరు వేసుకుంటే ఆ కరెంటు వెనక్కి తన్ని లైన్లోకి వచ్చింది, రెండు పక్కలా ఎర్త్ చెయ్యలేదు. పట్టపగలు, నిశ్శబ్దంగా ఉంది. ఏ పిట్టా కూయలేదు. కూసుంటే బాగుండేది.

ఈ లేఖలో నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి, లేకపోతే మీకు నీతులు చెబుతున్నట్టు ఉంటుంది. ప్రహరీ వెంబడి చెట్లను కూడా ఇదే కాంట్రాక్టరుతో ఇదే వారంలో కొట్టిద్దామన్నారు కదా. ఏప్రిల్, మే నెలల్లో చెట్లు కొట్టే అలవాటు మన రాష్ట్రంలో ఊరూరికీ అంటించిన వాళ్లలో నేనూ ఉన్నాను. వానాకాలం ముందు వచ్చే గాలివానలకి కొమ్మ తీగ మీద పడితే ఊరంతా చీకటి. అందుకని ఏటా ఎండల్లోనే ఫీడరుకి ఎల్‌సీ తీసుకుని కొమ్మలు కొట్టేవాళ్లం. అవసరమైన పనే, కాదనను. కానీ పిట్టలు గూళ్లు పెట్టేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. కొమ్మ కింద పడ్డాక అందులో ఏమేం ఉండేవో చూసినవాణ్ని నేను. ఆకులు రెండు దగ్గరికి లాగి నారతో కుట్టి లోపల దూది పరిచిన దర్జీ పిట్ట గూళ్లు, పికిలిపిట్ట దొప్పలు. చాలాసార్లు చూడకుండానే తొక్కుకుంటూ వెళ్లిపోయాం.

కాకులైతే నేరుగా మా స్తంభాల మీదే పెట్టేవి. పుల్లలతో ఊరుకోవు, కట్టుబడి జరిగే చోట బైండింగ్ వైరు ముక్కలు ఏరుకొచ్చి అల్లుతాయి. చినుకు పడగానే అవి తడిసి షార్టు కొట్టేవి. గూడు దింపకపోతే లైను నిలవదు. ఒకసారి అలా దింపుతుంటే లోపల నాలుగు పిల్లలు కనబడ్డాయి. మూడు కాకివి. నాలుగోదాని నోరు వేరుగా ఉంది. కోకిల పిల్ల. కాకి గూట్లో కోకిల గుడ్డు పెడుతుందని చిన్నప్పుడు అందరం విన్నదే, కళ్లారా చూడటం అదే మొదలు. ఆ రోజు మాతో వచ్చిన కుర్రాడు వాటిని కింద పడెయ్యనివ్వలేదు. దగ్గర్లో కూరగాయల బండివాణ్ని అడిగి పాత ప్లాస్టిక్ బుట్ట తెచ్చాడు. గూడు ఉన్నదున్నట్టు అందులో పెట్టి స్తంభానికి పక్కనే ఉన్న గానుగ చెట్టు పంగకి బైండింగ్ వైరుతోనే కట్టాడు. కాకులు మమ్మల్ని టోపీల మీద తన్నుతూనే ఉన్నాయి. మేం జీపెక్కి కాస్త దూరం పోయామో లేదో, ఒకటి వచ్చి బుట్ట అంచున వాలింది. నోట్లో ఏదో ఉంది. నాలుగు నోళ్లూ తెరుచుకున్నాయి.

మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లని ముట్టదనే మాట ఆ రోజుతో నేను నమ్మడం మానేశాను. మీ పిల్లలకి ఎక్కడైనా కిందపడ్డ పిట్టపిల్ల దొరికితే ఇంటికి తెచ్చి పాలు పొయ్యకండి, నోట్లో నీళ్లు పొయ్యకండి. రెక్కలు పూర్తిగా రాని పిల్లయితే గూట్లోనో, గూటి దగ్గర కొమ్మ మీదో పెట్టి పక్కకి తప్పుకోండి. ఈకలొచ్చి గెంతుతుంటే అది ఎగరడం నేర్చుకుంటోంది. పిల్లిని మాత్రం తరిమితే చాలు.

కాకి మాటెలాగూ వచ్చింది. గేటు దగ్గరి బాదం చెట్టు కింద నడిచేవాళ్లని కాకి తంతోందని, శని పట్టిందని ఇద్దరు గుడికి వెళ్లి దీపం పెట్టించుకొచ్చారు. గూడు దింపించమని మీకు అర్జీ కూడా పెట్టారట. ఆ గూట్లో పిల్లలు రెక్కల మీదికి వచ్చాయి. ఇంకో పది, పదిహేను రోజులు గొడుగు వేసుకుని నడవండి, అదే మానేస్తుంది. తద్దినం నాడు పిండం పట్టుకుని మేడెక్కి, కాకి ముట్టదేమని కా కా అంటూ గంటసేపు బతిమాలే వాళ్లం మనం. దానికీ ఏడాదిలో ఒక పదిహేను రోజులు మన అవసరం పడింది అనుకుందాం.

చట్టం గురించి మీకు చెప్పాల్సి రావడం నాకిష్టం లేదు, కానీ మినిట్స్ బుక్కులో ఉండాలి కాబట్టి చెబుతున్నాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 2వ సెక్షన్‌లో వేట అంటే ఏమిటో రాశారు. తుపాకీ పేల్చడం ఒక్కటే వేట కాదు. అడవి పక్షుల గుడ్లు పాడు చేయడం, గుడ్లనో గూటినో కదిలించడం కూడా వేటే. ఒకప్పుడు కాకిని ఎలుకతో కలిపి పీడల జాబితాలో పెట్టారు, 2022 సవరణతో ఆ జాబితానే ఎత్తేశారు. చెట్టు మొదలంటా నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. మన తీర్మానంలో "అవసరమైన చెట్లు తొలగించుట" అని ఒక ముక్క రాసి వదిలేశారు. దేనికి అవసరమో, ఎవరి అనుమతితోనో లేదు. 2018లో మన రాష్ట్రం వేపని రాష్ట్ర వృక్షంగా, రామచిలుకని రాష్ట్ర పక్షిగా ప్రకటించుకుంది. ప్రహరీ మూలనున్న ముసలి వేప, దాని తొర్రలో ఏటా పిల్లల్ని లేపే చిలకలు, రెండూ మీ తొలగింపు పద్దులో ఉన్నాయి. (పంజరంలో రామచిలుకని పెంచడం కూడా నేరమే. ఎవరింట్లో ఉందో రాయను. వాళ్లకి తెలుసు.)

తీగలకి తగులుతున్న కొమ్మలు కొట్టాల్సిందే. అవి నాలుగే నాలుగు, ఏవో నేను సుద్దతో గుర్తు పెట్టి చూపిస్తాను. మిగతా కత్తిరింపు మార్గశిరంలోనో పుష్యంలోనో పెట్టుకోండి, అప్పుడు ఆకుల్లో గూళ్లు తక్కువ. మాఘం దాటితే చిలకలు తొర్రల్లో చేరతాయి. తొర్రున్న మానుని మాత్రం ఎప్పుడూ ముట్టుకోకండి. మోడే కదా అనిపిస్తుంది గానీ మన వేపలో చిలకల వాటా పైన, పైడికంటె (చిన్న గుడ్లగూబ) జంట వాటా కింద. సాయంత్రం ఆరున్నరకి వెళ్లి చూడండి, గుండ్రటి కళ్లేసుకుని తలకాయ పైకీ కిందికీ ఆడిస్తూ మనల్నే తనిఖీ చేస్తుంది.

పావురాల విషయంలో నేను మీ పక్షమే. ఇది రాస్తే నా స్నేహితులు కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి. మేడ మీద సంచుల కొద్దీ జొన్నలు పోసి పావురాల్ని మేపడం పుణ్యం కాదు. ఏ కాలంలోనైనా పిల్లలు పెట్టే పక్షి అది. తిండి ఊరికే దొరికితే కాలనీ అంతా అదే అవుతుంది, ఎండిన రెట్ట ధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడైన వాళ్లున్నారు. గింజలు ఆపించండి, వలలు కట్టించండి. కాకపోతే వల బిగించి కట్టాలి. పోయిన నెల నాలుగో అంతస్తులో వదులుగా వేలాడేసిన నైలాన్ వలలో ఆడ తేనెపిట్ట ఒకటి కాళ్లు చిక్కి తలకిందులుగా చచ్చి వేలాడింది. అక్కడికి రెండిళ్ల అవతల బాల్కనీ బట్టల తీగకే సాలెగూడు దారాలతో దాని గూడు వేలాడుతోంది. ఆ ఇంటి అమ్మాయి పిల్లలు ఎగిరేదాకా నెల రోజులు ఆ తీగ మీద బట్టలు ఆరెయ్యనని మాటిచ్చింది. ఆమె మాట నిలబెట్టుకుంది. తల్లి తిరిగి రాలేదు.

పిచ్చుకల కోసం వసారాలో వరికంకుల కుచ్చు కట్టుకునే ఇళ్లు మన కాలనీలో ఇంకా మూడున్నాయి. సంతోషం. పిచ్చుక తన కూనలకి గింజలు పెట్టదు, పురుగులు పెడుతుంది. కుచ్చు కట్టి, కింద మొక్కలకి మందు కొడితే దానికి మనం పెట్టింది సగం భోజనమే.

జెర్రిగొడ్డు సంగతి క్లుప్తంగా చెబుతాను, గుర్తొస్తే ఇప్పటికీ కడుపు రగులుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన ఏప్రిల్లో కొట్టి చంపిన పాము నాగుపాము కాదు, జెర్రిగొడ్డు. దానికి విషం లేదు. నాగుపాముతో జత కడుతుందని, తోకతో కొడుతుందని చెప్పుకునేవన్నీ కట్టుకథలు. అది తినేది ఎలుకల్ని. దాన్ని చంపిన నెల తిరక్కుండా ఎలుకల నివారణకని మన సంఘం ఖాతాలోంచి బిల్లు కట్టారు. ఆ మందు తిన్న ఎలుకని పైడికంటె తింటే దాని గతేమిటో ఎవరూ అడగలేదు. సెల్లార్లో పెట్టిన జిగురు అట్టలకి నేను చూసినప్పుడు ఎలుక ఒక్కటీ లేదు, బల్లులు మూడు, నలికండ్ల పాము ఒకటి అతుక్కుని ఉన్నాయి. పేరుకే పాము, అదీ బల్లి జాతే. కట్లపాము, రక్తపింజరి ఉండే నేల మనది. భయం ఉండటం తప్పు కాదు. ఏ పామో తెలియనప్పుడు కర్ర తీసి దగ్గరికి వెళ్లడమే అసలు ప్రమాదం. దూరంగా ఉండి దాని మీద చూపు పెట్టి, పట్టేవాళ్లని పిలవండి. ఫారెస్టు వాళ్ల నంబరు గేటు గదిలో గోడ మీద రాయించమని అడిగి ఏడాదైంది.

అధ్యక్షుల వారు సంక్రాంతి సెలవుల్లో మనవళ్లని ఉప్పలపాడు తీసుకెళ్లి వచ్చి, గూడబాతుల ఫొటోలు అందరికీ చూపించారు. మంచి ఫొటోలు. అక్కడ ఊరి చెరువులో చెట్లు చాలక పక్షులకి ఇనుప స్టాండ్లు కూడా పెట్టారని మీరే చెప్పారు. ఆ ఊరివాళ్లు ఆ రెట్ట కంపు, ఆ గోల ఏటా నెలల తరబడి భరిస్తున్నారండీ, మనం ఒక ఆదివారం పోయి చూసి రావడానికి. మన తీతువు రెండు వారాలే అడుగుతోంది.

పిల్లలయ్యాక ఏమవుతుందో కూడా చెబుతాను, మళ్లీ ఆగమంటారేమోనని మీకు అనుమానం రావచ్చు. తీతువు పిల్లలు గూట్లో కూర్చుని నోరు తెరిచే రకం కాదు. తడి ఆరగానే నడుస్తాయి. ఒకటి రెండు రోజుల్లో తల్లీదండ్రీ వాటిని పడమటి ఖాళీ స్థలాల మీదుగా కాలవ వైపు నడిపించుకుపోతాయి. ఎగరడానికి ఇంకా నెల పైనే పడుతుంది. ప్రమాదం కనబడితే నేలకి కరుచుకుని కదలకుండా పడుకుంటాయి, జేసీబీ డ్రైవరుకి కనబడవు. అందుకని పని మొదలుపెట్టిన రోజు తూర్పు గేటు వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా పడమటికి రమ్మనండి. ముందు నేను నడుస్తాను. స్తంభాల లైను వెంబడి నడిచిన కాళ్లే ఇవి.

చిన్నప్పుడు మనందరం విన్న కథ ఒకటుంది, సముద్రం తీతువు గుడ్లు ఎత్తుకుపోతే ఆ పిట్ట ఊరుకోక పక్షులన్నిటినీ కూడగట్టి గరుత్మంతుడి దాకా వెళ్లి సముద్రం చేత గుడ్లు తిరిగి ఇప్పించుకున్న కథ. నాకు అంత దూరం వెళ్లే ఓపిక లేదు. ఆదివారం ఉదయం ఏడింటికి మీ మీటింగుకి వస్తాను. కాంట్రాక్టరుకి జేసీబీ వాయిదా వేసినందుకు ఏమైనా నష్టం కట్టాల్సి వస్తే నా పింఛన్లోంచి ఇస్తాను, రసీదు ఇవ్వండి చాలు. ఈలోగా గుడ్ల చుట్టూ పది అడుగుల దూరంలో నాలుగు ఇటుకలు పెట్టి ఎర్ర గుడ్డలు కట్టాను. వాటిని దాటి లోపలికి వెళ్లొద్దని పిల్లలకి చెప్పండి. చూడాలనుకునేవాళ్లు పొద్దున ఆరింటికి నా దగ్గరికి రండి, బోరు షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని ఉంటాను. ఎండెక్కాక మాత్రం ఎవరూ వద్దు. మనం దగ్గర నిలబడితే పిట్ట లేచిపోతుంది, కాసేపట్లోనే గుడ్లు ఉడికిపోతాయి.

ఇట్లు,
విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్,
మూడో వీధి చివరి ఇల్లు

తా.క. ఈ లేఖ జెరాక్సు తీయించి వస్తుంటే ఒకటో బ్లాకు కుర్రాళ్లిద్దరు ఎదురొచ్చి, ఎర్ర గుడ్డలు అక్కడ ఏదో పూజ చేసినట్టున్నాయని, వాళ్ల నాయనమ్మ ఇక ఆ పక్కకే వెళ్లొద్దందని చెప్పారు. నేను వివరించబోయి ఆగాను. జూన్ 8 దాకా ఆ పుకారు అలాగే ఉండనివ్వండి. సాయంత్రం ఐదింటికి గుడ్లు నాలుగూ ఉన్నాయి. పైపు ఇంకా కారుతోంది.